ఒక ఇంజన్ ఆగినప్పుడు ఆ 56 నాట్స్ ఎర్రగీతను ఎంతవరకు నమ్మొచ్చు?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్న రెండు ముక్కలు. ఒకటి, సెమినోల్ అనే చిన్న రెండింజన్ల విమానంలో ట్విన్ రేటింగ్ మొదలుపెట్టావు, మాన్యువల్‌లో వీఎంసీ (ఒక ఇంజన్ ఆగినా విమానం అదుపులో ఉండే కనీస వేగం, మీటర్ మీద ఎర్రగీత) 56 నాట్స్ అని ఉంది, మనం ముక్కు లేపేదే 75 దగ్గర, ఎక్కేది 88లో, ఇక 56 కిందికి ఎవడు వెళ్తాడు, దీనికి ఇంత భయపెట్టడం దేనికి అని. రెండోది, వీఎంసీ డెమో చేసేటప్పుడు, అంటే ఎత్తులో ఒక ఇంజన్ పవర్ తీసి వేగం తగ్గిస్తూ ఆ హద్దు చూపించే పాఠంలో, విమానం తిరగడం మొదలవగానే బాగా నడుస్తున్న ఇంజన్ థ్రాటిల్‌ని వెనక్కి లాగమంటున్నారు, ఉన్న ఒక్కటీ తీసేస్తే పడిపోమా అని.

రెండూ మంచి ప్రశ్నలే. నేను అరిజోనాలో ఏడేళ్లు ట్విన్ ఇంజన్ విమానాల మీద పాఠాలు చెప్పాను, ఇప్పుడు టర్బోప్రాప్ నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో సగానికి పైగా ఇదే అనుమానంతో వచ్చేవాళ్లు, కానీ బయటకి అడిగేవాళ్లు తక్కువ. చెక్‌రైడ్‌కి, అంటే ఎగిరి చూపే పరీక్షకి, కావలసిన నాలుగు వాక్యాలు బట్టీపట్టి అప్పజెప్పేసేవాళ్లు. నువ్వు అడిగావు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, టీ తెచ్చుకుని కూర్చో.

ఎడ్లబండి తెలుసు కదా. రెండు ఎడ్లూ సమానంగా లాగితే బండి నేరుగా పోతుంది. ఎడమ ఎద్దు ఆగిపోయి కుడిది మాత్రం లాగుతూనే ఉంటే బండి ఎడమ వైపుకి తిరుగుతుంది, పైగా ఆగిపోయిన ఎద్దు కాళ్లు తన్నిపెట్టి వెనక్కి లాగుతుంది కూడా. ట్విన్‌లో ఒక ఇంజన్ పోతే జరిగేదీ ఇదే. కుడి ఇంజన్ ముందుకు తోస్తుంటుంది, ఎడమ వైపు ప్రొపెల్లర్ గాలికి ఊరికే తిరుగుతూ వెనక్కి పట్టుకుంటుంది, ముక్కు ఎడమకి పోతుంది. దాన్ని ఆపడానికి నీ దగ్గర ఉన్నది తోక మీద నిలువుగా ఉండి పెడల్‌తో తిరిగే రడ్డర్ ఒక్కటే. బండికి కింద నేల ఉంది, చక్రం మట్టిలో దిగి కొంత పట్టు ఇస్తుంది. విమానానికి ఆ పట్టు గాలి నుంచే రావాలి, గాలి వేగంగా వెళ్తుంటేనే రడ్డర్‌కి బలం.

ఆ బలం వేగానికి తగ్గట్టు కాదు, వేగం వర్గానికి తగ్గట్టు మారుతుంది. ఇది కాగితం మీద ఒకసారి వేసి చూడు. 88 నాట్స్‌లో రడ్డర్ బలం 100 అనుకుంటే 56 నాట్స్‌లో అది 40. సగం కూడా కాదు. అదే సమయంలో మంచి ఇంజన్ లాగే లాగుడు మాత్రం తగ్గదు, ప్రొపెల్లర్ విమానంలో వేగం తగ్గితే కొంచెం పెరుగుతుంది కూడా. ఒక పక్క బలం అలాగే ఉండి, రెండో పక్క బలం కరిగిపోతూ వస్తే ఎక్కడో ఒక చోట రెండూ సమానమవుతాయి. ఆ చోటు పేరు వీఎంసీ. దానికి ఒక్క నాట్ కింద ఉన్నా, నువ్వు పెడల్‌ని నేలకి ఆనించి తొక్కినా ముక్కు తిరుగుతూనే ఉంటుంది.

ముక్కు తిరగడంతోనే అయిపోతే ఇంత గొడవ లేదు. ఎడమ ఇంజన్ పోయినప్పుడు ఎడమ రెక్క మీద ప్రొపెల్లర్ నుంచి వచ్చే గాలి ఆగిపోతుంది, అక్కడ లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పడిపోతుంది. ముక్కు ఎడమకి తిరిగేకొద్దీ కుడి రెక్క ముందుకి వచ్చి ఎక్కువ లిఫ్ట్ తీసుకుంటుంది. దాంతో విమానం ఎడమకి ఒరుగుతుంది, ఒరిగితే ఇంకా తిరుగుతుంది. కొన్ని క్షణాల్లో వెల్లకిలా. ఈ ప్రమాదాల గురించి చదివేటప్పుడు చూడు, చాలావాటిలో విమానం తిరగబడి పడింది అనే రాస్తారు. సింగిల్ ఇంజన్ విమానంలో ఇంజన్ పోతే కనీసం రెక్కలు సమంగా పెట్టుకుని కిందికి దిగే అవకాశం ఉంటుంది. ట్విన్‌లో ఆ అవకాశాన్ని పాడుచేసేది నడుస్తున్న ఇంజనే.

ఇప్పుడు ఆ 56 సంగతి.

ఆ అంకె నీ విమానానిది కాదు, ఒక పరీక్ష రోజుది. సర్టిఫికేషన్ రూల్స్ ప్రకారం టెస్ట్ పైలట్ కొన్ని కచ్చితమైన పరిస్థితుల్లో కొలిచి రాసిన సంఖ్య అది. మంచి ఇంజన్ మీద టేకాఫ్ పవర్ మొత్తం, పోయిన ఇంజన్ ప్రొపెల్లర్ ఫెదర్ కాకుండా (ఫెదర్ అంటే బ్లేడ్ల అంచుని గాలికి ఎదురుగా తిప్పి అడ్డం తగ్గించడం) గాలికి తిరుగుతూ, సీజీ (బరువు కేంద్రం) వీలైనంత వెనక, గేర్ (చక్రాలు) లోపల, ఫ్లాప్స్ (రెక్క వెనక దించే పలకలు) టేకాఫ్‌లో ఉండే చోట, ట్రిమ్ (కంట్రోల్‌ని ఒక చోట నిలిపే సర్దుబాటు) టేకాఫ్‌కి పెట్టినట్టు, నేల ప్రభావం లేనంత ఎత్తులో. పెడల్ మీద 150 పౌండ్లు, అంటే సుమారు 68 కిలోల కంటే ఎక్కువ బలం పెట్టకూడదు. ఇంజన్ తీసేసినప్పుడు హెడింగ్ 20 డిగ్రీలకి మించి మారకూడదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మంచి ఇంజన్ వైపుకి 5 డిగ్రీల దాకా బ్యాంక్ పెట్టుకోవడానికి, అంటే ఆ పక్కకి ఒరగడానికి, వాళ్లకి అనుమతి ఉంది.

చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఈ జాబితా చెప్పి, ఇవన్నీ అత్యంత చెడ్డ పరిస్థితులు కాబట్టి నిజ జీవితంలో వీఎంసీ ఇంతకంటే తక్కువే ఉంటుంది అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. కొన్ని చెడ్డవే, ఒప్పుకుంటాను. కానీ ఆ 5 డిగ్రీల బ్యాంక్ చెడ్డ పరిస్థితి కాదు, తయారీదారుకి దొరికిన వెసులుబాటు. పైగా ఇంజన్ పోతుందని ఆ టెస్ట్ పైలట్‌కి ముందే తెలుసు. కాలు పెడల్ మీద సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. నీకు పోయినప్పుడు నువ్వు గేర్ లివర్ వైపు చెయ్యి చాపుతుంటావు, లేదా టవర్‌తో మాట్లాడుతుంటావు.

బ్యాంక్ ఎంత తేడా తెస్తుందో చెప్తాను. 5 డిగ్రీల నుంచి తగ్గే ఒక్కో డిగ్రీకీ వీఎంసీ రమారమి 3 నాట్స్ పెరుగుతుందని పరీక్షల్లో తేలింది, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ హ్యాండ్‌బుక్‌లో కూడా అదే ఉంటుంది. ఆ లెక్కన రెక్కలు సమంగా పెట్టుకుంటే నీ సెమినోల్ వీఎంసీ 56 కాదు, 71 చుట్టుపక్కల. పోయిన ఇంజన్ వైపుకే ఒరిగితే ఇంకా పైకి పోతుంది. ఇంజన్ పోగానే విమానం తనంతట తాను ఒరిగేది ఏ వైపుకి? పోయిన వైపుకే. నువ్వు ఒక్క క్షణం తేరుకునేలోపు నీ అసలు వీఎంసీ నువ్వు ముక్కు లేపిన 75 దాకా వచ్చేసి ఉండొచ్చు. "56 కిందికి ఎవడు వెళ్తాడు" అన్నావు కదా. నువ్వు వెళ్లక్కర్లేదు తమ్ముడూ, అదే నీ దగ్గరికి వస్తుంది.

బ్యాంక్ ఎందుకంత పని చేస్తుందని అడుగుతావు, నేను కూడా నేర్చుకునేటప్పుడు ఇక్కడే తికమకపడ్డాను. ఎడమ ఇంజన్ పోయింది, కుడి రడ్డర్ తొక్కావు. రడ్డర్ ముక్కుని కుడికి తిప్పడానికి తోకని ఎడమకి తోస్తుంది. ముక్కు నేరుగా నిలబడింది సరే, కానీ ఆ పక్కతోపుడు విమానం మొత్తాన్ని ఎడమకి జరుపుతూనే ఉంటుంది, పీతలాగా. అంటే గాలి ఇప్పుడు ఎడమ పక్క నుంచి వచ్చి తోకకి తగులుతుంది, నువ్వు తొక్కిన రడ్డర్‌కి ఎదురు పనిచేస్తుంది. బాల్, అంటే విమానం పక్కకి జారుతోందో లేదో చూపే గాజుగొట్టంలోని గుండు, సరిగ్గా మధ్యలో ఉంటుంది, అంతా బాగుందనిపిస్తుంది, కానీ విమానం పక్కగా దొర్లుతూ డ్రాగ్ (గాలి అడ్డం) మోస్తుంటుంది. కుడికి రెండు మూడు డిగ్రీలు ఒరిగితే బరువులో కొంత భాగం కుడికి లాగి ఆ జారుడుని ఆపుతుంది. అప్పుడు బాల్ మంచి ఇంజన్ వైపుకి సగం బయటికి పోతుంది, అలాగే ఉండాలి. సింగిల్ ఇంజన్‌లో బాల్ మధ్యలో పెట్టమని వంద గంటలు నేర్పిన తర్వాత ట్విన్‌లో సగం బయట పెట్టమంటే చాలామందికి కాలు ఒప్పుకోదు. ఎక్కడానికి ఈ రెండు మూడు డిగ్రీలే మంచివి, 5 అనేది అదుపు కోసం. ఇంకా ఎక్కువ ఒరిగితే వీఎంసీ ఇంకా తగ్గుతుంది కానీ డ్రాగ్ పెరుగుతుంది, ఆ వేషాలు వెయ్యొద్దు.

మిగతావి గబగబా. సీజీ వెనక్కి పోతే రడ్డర్‌కి చేయి పొట్టిదవుతుంది, వీఎంసీ పెరుగుతుంది. బరువు ఎక్కువైతే వీఎంసీ తగ్గుతుంది, ఎందుకంటే ఆ బ్యాంక్‌లో లాగేది బరువే, అయితే ఎక్కే శక్తి పోతుంది కాబట్టి సంబరపడాల్సింది లేదు. ప్రొపెల్లర్ ఫెదర్ చేస్తే బాగా తగ్గుతుంది. గేర్ కిందికి ఉంటే సాధారణంగా కొంచెం తగ్గుతుంది. పవర్ తగ్గితే తగ్గుతుంది, ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను.

క్రిటికల్ ఇంజన్ గురించి కూడా ఒక్క మాట. రెండు ప్రొపెల్లర్లూ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతుంటే, ముక్కు పైకెత్తి నెమ్మదిగా వెళ్లేటప్పుడు కిందికి దిగే బ్లేడ్, అంటే కుడి పక్క బ్లేడ్ ఎక్కువ లాగుతుంది. కాబట్టి కుడి ఇంజన్ లాగుడు మధ్య నుంచి ఇంకా దూరంగా పడుతుంది, కాడికి చివరాఖరున కట్టిన ఎద్దులాగా. అందుకే ఎడమ ఇంజన్ పోవడం ఎక్కువ ప్రమాదం, దాన్నే క్రిటికల్ అంటారు. నీ సెమినోల్‌లో కుడి ఇంజన్ ఎదురు తిరుగుతుంది, రెండు దిగే బ్లేడ్లూ లోపలి వైపే ఉంటాయి, క్రిటికల్ ఇంజన్ లేదు. ఇండియాకి వచ్చి డీఏ42 అనే ట్విన్ మీద కూర్చున్నావంటే అందులో రెండూ ఒకే వైపుకి తిరుగుతాయి, ఎడమదే క్రిటికల్. చెక్‌రైడ్‌లో ఇది అడగని ఎగ్జామినర్ ఉండడు. కానీ నిజంగా ఎగిరేవాడికి ఏది పోయినా పోయినట్టే.

స్టాల్, అంటే వేగం తగ్గి రెక్క లిఫ్ట్ వదిలేయడం, దాని సంగతికొద్దాం, నాకు అసలు భయం ఇక్కడ. టర్బో లేని ఇంజన్ ఎత్తుకి వెళ్లేకొద్దీ పవర్ కోల్పోతుంది, మంచి ఇంజన్ లాగుడు తగ్గుతుంది కాబట్టి వీఎంసీ కూడా తగ్గుతుంది. మీటర్ మీద కనిపించే స్టాల్ వేగం మాత్రం ఎత్తుతో మారదు. సెమినోల్‌లో ఫ్లాప్స్ లేకుండా స్టాల్ 57. వీఎంసీ 56. అంటే సముద్రమట్టం దగ్గరే రెండూ పక్కపక్కన ఉన్నాయి, పైకి వెళ్తే స్టాలే ముందు వస్తుంది. ఒక ఇంజన్ ఫుల్ పవర్‌లో, రెండోది ఐడిల్‌లో, రడ్డర్ చివరిదాకా తొక్కి ఉండగా స్టాల్ అయితే దాని తర్వాతది స్పిన్, గిరగిరా తిరుగుతూ పడిపోవడం. ట్విన్‌లని స్పిన్ నుంచి బయటపడతాయో లేదో పరీక్షించి చూపాలని రూలే లేదు. సెమినోల్‌లో స్పిన్ నిషేధం.

ఒక వేసవిలో, ఐదు వేల అయిదొందల అడుగుల దగ్గర, ఒక కుర్రాడితో డెమో చేయిస్తున్నాను. మనిషి చురుకైనవాడే. సెకనుకి ఒక నాట్ చొప్పున తగ్గించాలి, వాడు తొందరపడి ముక్కు గట్టిగా లాగేశాడు. స్టాల్ హార్న్ మోగింది. అది వినగానే వదలాలి. వాడేమో ఎడమకి తిరుగుతోందని చూసి ఐలరాన్‌ని (రెక్కల చివర ఒరుగుని సరిచేసే పలకలు) కుడికి పూర్తిగా తిప్పాడు, యోక్ (చేతిలోని స్టీరింగ్) ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఎడమ రెక్క దిగిపోయింది, కిటికీలోంచి నాకు ఆకాశం కనపడలేదు, ఎడారి కనపడింది. నేను కుడి థ్రాటిల్ వెనక్కి కొట్టి యోక్ ముందుకి తోశాను. బయటికి వచ్చాం, ఎనిమిది వందల అడుగులు పోయాయి. వాడు కాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తప్పు నాది. హార్న్‌కి ముందే ఆపాల్సింది, ఇంకొంచెం చూద్దాం అనుకున్నాను. ఆ రోజు నుంచి మొదటి గుర్తు కనిపించగానే, అది ముక్కు జారడం కావొచ్చు, హార్న్ కావొచ్చు, రెక్క వణుకు కావొచ్చు, ఏది ముందొస్తే దానికి డెమో అక్కడితో ఆపించాను. డెమో అయిపోయేసరికి నేల మీద 3,000 అడుగులకి తగ్గకుండా ఉండాలని ఎఫ్‌ఏఏ ఊరికే పెట్టలేదు.

మంచి ఇంజన్ థ్రాటిల్ ఎందుకు లాగాలి అన్న నీ రెండో ప్రశ్నకి జవాబు ఇప్పటికే సగం తెలిసిపోయి ఉంటుంది. విమానాన్ని తిప్పుతున్నది ఆ ఇంజనే. దాన్ని తీస్తే తిప్పే బలం ఆ క్షణంలోనే పోతుంది, ముక్కు దించితే వేగం వచ్చి రడ్డర్‌కి బలం వస్తుంది. ఈ రెండు పనులూ కలిపి చెయ్యాలి. ముక్కు దించడం ఒక్కటే కూడా చివరికి పని చేస్తుంది కానీ దానికి సమయం కావాలి, వెల్లకిలా పడే విమానంలో నీకు లేనిది అదే. అదుపులోకి వచ్చాక, వేగం వచ్చాక, ఆ పవర్‌ని మెల్లగా మళ్లీ ఇచ్చుకో, బ్లూలైన్, అంటే ఒక ఇంజన్ మీద బాగా ఎక్కే ఆ 88 నాట్స్, పట్టుకో. ఎత్తులో ఉంటే ఇది తేలిక.

ఇదేమీ కొత్త విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పీ-38 లైట్నింగ్ అని ఒక ఫైటర్ ఉండేది, రెండు ఇంజన్లు, దాని ప్రొపెల్లర్లు పైభాగంలో బయటికి తిరిగేవి, అంటే దిగే బ్లేడ్లు రెండూ బయటి వైపు. క్రిటికల్ ఇంజన్ లేకపోవడం కాదు, రెండూ క్రిటికలే. టేకాఫ్‌లో ఒక ఇంజన్ పోతే చాలామంది కుర్ర పైలట్లు భయంతో రెండో దాన్ని ముందుకే తోసి ఉంచేవాళ్లు, విమానం తిరగబడేది. అప్పుడు వాళ్లకి నేర్పింది ఏమిటంటే, ముందు మంచి ఇంజన్ పవర్ తగ్గించు, అదుపు తెచ్చుకో, ఆ తర్వాత పోయినదాన్ని ఫెదర్ చెయ్యి, ఆ తర్వాతే పవర్ మళ్లీ పెంచు అని. లాక్‌హీడ్ టెస్ట్ పైలట్ టోనీ లెవియర్ 1944లో ఇంగ్లండ్ వెళ్లి స్క్వాడ్రన్ల ముందు ఆ విమానాన్ని ఒక ఇంజన్ మీద తిప్పి చూపించాడు, నమ్మకం లేనివాళ్లకి నమ్మకం కలగడానికి.

నీకు ఇంకో అనుమానం వస్తుంది, వంద అడుగుల ఎత్తులో ఉంటే థ్రాటిల్ లాగి ఏం చేస్తాం, కింద పడతాం కదా అని. అవును, దిగుతాం. రెక్కలు సమంగా, ముక్కు ముందుకి, అదుపులో దిగుతాం. విరిగితే విమానం విరుగుతుంది. వెల్లకిలా పడితే ఎవరూ మిగలరు. ఈ రెండింట్లో ఏది అన్నది అక్కడ ఆలోచించుకునేది కాదు, కింద ఉన్నప్పుడే తేల్చుకుని ఎక్కాలి.

అదుపు ఒకటి, ఎక్కడం ఇంకొకటి. ఒక ఇంజన్ పోతే సగం శక్తి పోయిందనుకుంటారు. ఊహకి ఒక లెక్క వేద్దాం, ఇవి మాన్యువల్ అంకెలు కావు. నీ రెండు ఇంజన్లు 180, 180, మొత్తం 360 హార్స్‌పవర్. ప్రొపెల్లర్ నష్టం పోగా 280 పనికొస్తుందనుకో. సమంగా ఎగరడానికే 120 కావాలనుకో. మిగిలిన 160 నిన్ను పైకెక్కిస్తుంది. ఒకటి పోయింది, ఉన్నది 140. పక్కగా జారడం, రడ్డర్ డ్రాగ్ వల్ల ఎగరడానికి ఇప్పుడు 130 కావాలి. మిగిలింది 10. శక్తి సగమే పోయింది, ఎక్కే బలం మాత్రం దాదాపు మొత్తం పోయింది. చిన్న ట్విన్లన్నిటిలో ఇది 80 శాతం, అంతకంటే ఎక్కువ పోతుంది. 6,000 పౌండ్ల లోపు బరువుండి, స్టాల్ వేగం 61 నాట్స్‌కి మించని ట్విన్‌లు ఒక ఇంజన్ మీద ఎక్కి తీరాలని చిన్న విమానాల సర్టిఫికేషన్‌కి అమెరికాలో ఉన్న పాత పార్ట్ 23 రూల్స్ అడగనే అడగలేదు. సెమినోల్ ఆ కోవదే. రెండో ఇంజన్ ఉంది కదా అనే ధీమా చాలావరకు మనం ఊహించుకున్నది.

ఇది నాకు ఒకసారి ఒంటికి తగిలి తెలిసింది. జూలై మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, ఇద్దరం, ట్యాంకులు నిండుగా. నేల వదిలి యాభై అరవై అడుగులు ఎక్కాం, గేర్ ఇంకా కిందే ఉంది, కుడి ఇంజన్ ఒక్కసారి దగ్గి పవర్ వదిలేసింది. ముందు రన్‌వే కనిపిస్తోంది. రెండు థ్రాటిల్సూ మూసేసి కూర్చోబెట్టాను, రన్‌వే చివర దాటి ఇరవై అడుగులు మట్టిలోకి పోయి ఆగాం. ముక్కు చక్రం వంగింది, అంతే. స్టూడెంట్ మొదటి మాట, "ఎడమది బాగానే ఉంది కదా సార్, ఎందుకు ఎక్కలేదు?" సాయంత్రం మాన్యువల్ తీసి ఆ వేడికి ఆ ఎత్తుకి చార్టులో వేలు పెట్టి చూపించాను. గేర్ లోపల, ప్రొపెల్లర్ ఫెదర్ అయి, అన్నీ సరిగ్గా ఉంటే నిమిషానికి కొద్దిపాటి అడుగులు. మా గేర్ కింద ఉంది, ప్రొపెల్లర్ గాలికి తిరుగుతోంది. ఆ రోజు ఎక్కే ప్రయత్నం చేసుంటే వేగం తగ్గుతూ తగ్గుతూ పోయేది, వేగం తగ్గితే ఎక్కడికి పోతామో పైన అంతా అదే రాశాను. బేగంపేట కూడా 1,740 అడుగుల ఎత్తులో ఉంది, మే నెలలో 42 డిగ్రీలు మామూలే, కాబట్టి ఇది ఎడారి వాళ్ల గొడవ అనుకోకు.

ఇక కాళ్ల గురించి. ఎడమ ఇంజన్ పోతే కుడి కాలు పనిచేస్తుంది, ఎడమ కాలు ఊరికే ఉంటుంది. ఊరికే ఉన్న కాలు ఏ వైపో పోయిన ఇంజన్ ఆ వైపు. మీటర్లు చూసి నిర్ణయించకు, కాలు చూసి నిర్ణయించు. తర్వాత ఆ వైపు థ్రాటిల్ నెమ్మదిగా వెనక్కి తీసి చూడు, ఏమీ మారకపోతే అదే పోయింది, అప్పుడే ఫెదర్. వేగంగా చెయ్యాలి కానీ తొందరపడకూడదు అంటే నవ్వుతారు, కానీ ఇక్కడ రెండూ వేరే. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా 235, ఏటీఆర్ 72-600, ఎక్కుతుండగా రెండో ఇంజన్ దానంతట అది ఫెదర్ అయింది. పైలట్లు ఆపేసింది బాగా నడుస్తున్న ఒకటో ఇంజన్‌ని. విమానం స్టాలై, ఫ్లైఓవర్‌ని రాసుకుంటూ కీలుంగ్ నదిలో పడింది, 58 మందిలో 43 మంది పోయారు. పోయిన ఇంజన్ ఏదో కాక్‌పిట్‌లో చూపిస్తూనే ఉంది. 2019 జూన్ 30న టెక్సస్‌లోని అడిసన్‌లో కింగ్ ఎయిర్ 350, టేకాఫ్‌లో ఎడమ ఇంజన్ పవర్ తగ్గింది, పైలట్ మొదట ఎడమ రడ్డర్ తొక్కాడని దర్యాప్తులో తేలింది, అంటే తిరుగుతున్న వైపుకే. ఆ తర్వాత సరిచేసుకునేందుకు టైం చాలలేదు. హ్యాంగర్ మీద పడింది, పది మంది. బాగా అనుభవం ఉన్న పైలటే. అందుకే రోజూ పొద్దున కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని కాళ్లు కదిపి ప్రాక్టీస్ చెయ్యమంటాను, ఇంట్లోవాళ్లు పిచ్చెక్కిందనుకున్నా ఫర్వాలేదు.

సెమినోల్‌కి సంబంధించి ఇంకొకటి, ఇది చాలామంది స్టూడెంట్లకి ఆలస్యంగా తెలుస్తుంది. 950 ఆర్‌పీఎం కిందికి పోయాక ప్రొపెల్లర్‌ని ఫెదర్ చెయ్యలేవు. నేల మీద ఇంజన్ ఆపినప్పుడు బ్లేడ్లు ఫెదర్‌లోకి పోకుండా లోపల తాళం పడుతుంది, ఆ తాళం ఇంజన్ గాల్లో ఆగిపోతున్నా పడుతుంది. వేగం తగ్గించుకుంటూ, చెక్‌లిస్ట్ వెతుక్కుంటూ కూర్చుంటే ఆ అవకాశం దాటిపోతుంది, ఆ తర్వాత ఆ పలకలాంటి ప్రొపెల్లర్‌ని దిగేదాకా మొయ్యాలి.

ఎక్కే ముందు రడ్డర్ ట్రిమ్ కళ్లతో చూసి చేత్తో ముట్టుకో. 2017 ఫిబ్రవరి 21న మెల్‌బోర్న్ దగ్గర ఎస్సెండన్‌లో ఒక కింగ్ ఎయిర్ బీ200 రెండు ఇంజన్లూ నడుస్తుండగానే కూలింది, ట్రిమ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఉండిపోయింది, ఐదుగురు పోయారు. దానికి వీఎంసీతో నేరుగా సంబంధం లేదు కానీ రడ్డర్ బలం మీదే బతికేవాడికి అది ముందుగానే ఖర్చయిపోయి ఉంటే ఎలా ఉంటుందో చూడు.

నువ్వు నీ టేకాఫ్ బ్రీఫింగ్‌లో మూడు మాటలు గట్టిగా పైకి చెప్పుకో, పక్కన ఎవరూ లేకపోయినా. నేల మీద ఉండగా ఏది పోయినా రెండు థ్రాటిల్సూ మూసి ఆగుతాను. నేల వదిలాక గేర్ కింద ఉండి ముందు రన్‌వే ఉంటే మూసి దిగుతాను. గేర్ లోపలికి వెళ్లాక పోతే ముక్కు దించి 88 పట్టుకుని, మంచి వైపుకి రెండు మూడు డిగ్రీలు ఒరిగి, కాలు చూసి, సరిచూసుకుని, ఫెదర్. రన్‌వే కనిపించకుండా పోయేదాకా గేర్ లివర్ ముట్టుకోకు, పాజిటివ్ రేట్ కనపడగానే లాగేసే అలవాటు ఎయిర్‌లైన్ వీడియోలు చూసి వచ్చింది, అది వాళ్ల విమానాలకి సరిపోతుంది, మనవాటికి కాదు.

వచ్చే వారం డెమోకి వెళ్లినప్పుడు మీ ఇన్‌స్ట్రక్టర్ని ఒకటి అడుగు. ఎత్తులో స్టాలే ముందొస్తుంది కాబట్టి, ఆయన తన కాలుతో రడ్డర్ పెడల్ సగంలో అడ్డం పెట్టి, నీ రడ్డర్ ముందే అయిపోయేలా చేసి చూపించమను. అప్పుడు 75, 80 నాట్స్ దగ్గరే ముక్కు జారిపోవడం కనపడుతుంది, స్టాల్‌కి చాలా పైన, భద్రంగా. పెడల్ చివరిదాకా వెళ్లిపోయి ఇంక తొక్కడానికేమీ లేకపోవడం కాలికి ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఇంజన్ ఆపి చేసే డెమో అయితే 82 కిందికి వచ్చాక మాత్రం ఆపనివ్వకు, సెమినోల్‌లో కావాలని ఇంజన్ తీయడానికి అదే కింది హద్దు. చేసొచ్చాక ఏ వేగం దగ్గర జారిందో, నీ బ్యాంక్ ఎంత ఉందో ఇక్కడే రాయి, లెక్క సరిపోతుందో లేదో చూద్దాం.